హరిణ వనస్థలిలో చెట్లు నాటించమని అర్జీ పెడుతున్నాం, సంతకాలు కావాలి

శివ_వనస్థలి
మే, ఆదివారం రాత్రి 9:12

అందరికీ నమస్కారం. హైదరాబాద్‌లోని వనస్థలిపురం వచ్చి నాలుగేళ్లయింది. ఇంటికి ఇంత దగ్గర్లో ఉన్న జింకల పార్కు మాత్రం ఇన్నాళ్లూ చూడలేదు. పిల్లలకు సెలవులు, పైగా అమలాపురం నుంచి మా అమ్మ వచ్చింది. ఇక వాయిదా వేయకూడదని ఈ రోజు మహావీర్ హరిణ వనస్థలికి బయలుదేరాం. స్నానాలు, టిఫిన్లు అయి లోపల అడుగుపెట్టేసరికి పదిన్నర.

లోపల ఏముందయ్యా అంటే ఎండుగడ్డి. ముళ్ల చెట్లు. మధ్యమధ్యలో బండరాళ్లు. వ్యాన్‌లో తిరిగితే దూరంగా చెట్టు నీడన పడుకున్న చుక్కల జింకలు నాలుగైదు, ఒక నెమలి, ఇంకా ఏవో గోధుమరంగు మేకల్లాంటివి కనిపించాయి. కృష్ణజింక కోసం పిల్లలిద్దరూ కిటికీకి అతుక్కుపోయారు. ఒక్కటి కనిపిస్తే ఒట్టు. మా అమ్మయితే "వనం అని తీసుకొచ్చి బీడు చూపించావేంట్రా" అంది. ఆవిడవి కోనసీమ కళ్లు, నేనేం చెప్పను.

నా బాధ ఏంటంటే ఇది 14.59 చదరపు కిలోమీటర్లు. అంటే దాదాపు 3,600 ఎకరాలు. ఇంత జాగా ఊరి పక్కన పెట్టుకుని ఎండబెట్టుకోవడం ఎందుకు? మా కాలనీ సంఘం తరఫున అర్జీ రాస్తున్నాం. వేప, రావి, కానుగ లాంటి నీడనిచ్చే చెట్లు వరసగా నాటించాలి, కొంత భాగంలో పచ్చిక పెంచి కూర్చోడానికి వీలు కల్పించాలి. వానలు పడగానే మొక్కలు మేమే తెస్తాం, మేమే నాటుతాం. చుట్టుపక్కల కాలనీల వాళ్లు కూడా సంతకం పెడితే బలం ఉంటుంది. ఎవరెవరు వస్తారు?


డోంట్‌కేర్_దిల్‌సుఖ్
ఆదివారం రాత్రి 9:20

మే నెలలో పదిన్నరకు జింకలు కనిపించలేదా? మే నెలలో పదిన్నరకు మా దిల్‌సుఖ్‌నగర్‌లో మనుషులే కనిపించరు బ్రో.


అనూష_ఇద్దరుపిల్లలు
ఆదివారం రాత్రి 9:41

శివ గారూ, నా సంతకం వేసుకోండి. మేము హయత్‌నగర్ వైపు ఉంటాం. పిల్లల్ని తీసుకెళ్తే పది నిమిషాలకే మొహాలు కందిపోతాయి. బంజారాహిల్స్ వైపు కేబీఆర్ పార్కులో ఎంత హాయిగా నడుస్తారు జనం! అటు వైపు వాళ్లకే నీడ, మనకు ఎండ అన్నట్టుంది.


లెన్సుల_లక్ష్మి
ఆదివారం రాత్రి 10:35

శివ గారూ, దయచేసి ఆ అర్జీ ఆపండి. మీ మనసు మంచిదే, కాదనను. నేను ఎనిమిదేళ్లుగా ఈ చుట్టుపక్కల పొదల్లో, గుట్టల్లో పిట్టలు చూస్తూ తిరుగుతున్నాను కాబట్టి చెప్తున్నాను.

ముందు ఒక మాట. మీకు కనిపించిన ఆ "గోధుమరంగు మేకల్లాంటివి" ఉన్నాయి చూడండి, అవే కృష్ణజింకలు అయ్యుంటాయి! ఆడవి, పిల్లలు గోధుమరంగులోనే ఉంటాయి, ఆడవాటికి కొమ్ములు కూడా ఉండవు. బాగా ఎదిగిన మగది మాత్రమే నల్లబడుతుంది, దానికే ఆ మెలితిరిగిన పొడవాటి కొమ్ములు. అందరూ నల్లది కోసం వెతుకుతూ ఎదురుగా ఉన్న మందను వదిలేసి వస్తారు. నేనూ మొదటిసారి అలాగే వచ్చేశాను.

ఇక చెట్ల సంగతి. కృష్ణజింకకు ప్రాణరక్షణ అంతా కళ్లతో, కాళ్లతోనే. దూరం నుంచే శత్రువును చూడాలి, చూడగానే పరుగెత్తాలి. గంటకు 80 కిలోమీటర్ల వరకు పరుగెత్తగలదు, కానీ దానికి మైదానం ఉండాలి. చెట్లూ పొదలూ మూసుకుపోయిన చోట తిరగడానికి అది ఇష్టపడదు. అంటే మీరు వరసగా కానుగ నాటిన ప్రతి ఎకరం దాని ఇంట్లోంచి కోసి తీసుకున్నట్టే.

పిట్టల సంగతి కూడా అంతే. కౌజు, పూరేడు, తీతువు ఇవన్నీ నేల మీద గూడు పెట్టుకునేవి. తీతువు గుడ్లు నేను బండరాళ్ల మధ్య రెండుసార్లు చూశాను, పక్కనే నిలబడినా రాళ్లో గుడ్లో తెలియదు. అక్కడ మీరు పచ్చిక పరిస్తే ఆ తల్లి ఎక్కడికి పోవాలి?


శివ_వనస్థలి
ఆదివారం రాత్రి 10:58

లక్ష్మి గారూ, చెట్లు నాటితే జింకలకు నష్టం అనే మాట మొదటిసారి వింటున్నాను. జింక అడవి జంతువు కదండీ. అడవి అంటే చెట్లే కదా. చిన్నప్పటి నుంచి పుస్తకాల్లో బొమ్మలన్నీ అలాగే చూశాం. కాస్త వివరంగా చెప్తే సంఘంలో చెప్పుకోగలను. ఇప్పటికే బ్యానర్ డిజైన్ కూడా అయిపోయింది.


డోంట్‌కేర్_దిల్‌సుఖ్
ఆదివారం రాత్రి 11:02

బ్యానర్ అయిపోయిందా. ఇక జింకలే సర్దుకోవాలి.


వృక్షం_మాస్టారు
సోమవారం ఉదయం 5:50

శివా, నేను బాటనీ చెప్పి రిటైరైనవాణ్ని. చెట్లంటే నాకు ప్రాణం, ఇంటి ముందు రేల చెట్టు కొట్టనివ్వనందుకు పక్కింటివాళ్లతో మూడేళ్లు మాటల్లేవు. అలాంటి నేనే చెప్తున్నాను, ఆ గడ్డిలో చెట్లు పెట్టకండి.

నువ్వు అడిగింది మంచి ప్రశ్న. మనం "జింక" అని ఒకే మాట వాడతాం కానీ అక్కడ ఉన్నవి రెండు వేరు వేరు కుటుంబాల జంతువులు. చుక్కల జింక ఉందే, అది నీడ కోరే జంతువు, చెట్ల కింద రాలిన ఆకూ కాయా తింటుంది. ఏటా దాని కొమ్ములు రాలిపోయి మళ్లీ మొలుస్తాయి. కృష్ణజింక అసలు లెక్కప్రకారం ఆవు, మేకల కుటుంబంలోదే. దాని కొమ్ము రాలదు, జన్మకు ఒకటే జత. దాని తిండి ముఖ్యంగా గడ్డి. మన పెద్దవాళ్లకు ఈ తేడా తెలుసు. మగదాన్ని ఇర్రి అన్నారు, ఆడదాన్ని లేడి అన్నారు. పల్లెల్లో "ఇర్రి" అనే మాట ఇప్పుడు ఎవరి నోటా వినను. జంతువు దూరమైతే మాట కూడా పోతుంది కాబోలు.

ఉపనయనంలో వటువుకు కట్టే కృష్ణాజినం దీని తోలే. కృష్ణసారం, అంటే ఈ కృష్ణజింకే, సహజంగా తిరిగే నేల యజ్ఞానికి తగినదని ధర్మశాస్త్రాల్లో రాసుకున్నారు. అంటే పచ్చని అడవిని కాదు, ఇలాంటి ఆరుబయలు గడ్డినేలనే అంత గొప్పగా చెప్పుకున్నారన్నమాట. మనం దాన్ని బీడు అంటున్నాం.

ఈ దక్కన్ నేల సంగతి ఒకటి గుర్తుపెట్టుకో. హైదరాబాద్‌కు ఏడాదికి వాన 800 మిల్లీమీటర్లు కాస్త అటూ ఇటూ. అదీ నాలుగు నెలల్లో. కింద గ్రానైట్ రాయి, పైన పలుచటి ఎర్రమట్టి. ఇక్కడ సహజంగా వచ్చేది ఆకురాల్చే చిట్టడవి, ముళ్ల పొద, గడ్డి. సండ్ర, తెల్లతుమ్మ, రేగు, మోదుగ. ఇవన్నీ వేసవిలో ఎండినట్టు కనిపించడం జబ్బు కాదు, వాటి తెలివి. ఆకు ఉంటే నీరు ఆవిరైపోతుంది, అందుకే రాల్చేస్తాయి. గడ్డి పైన ఎండినా కింద వేరు బతికే ఉంటుంది. మీ అమ్మగారిని జూలై ఆఖరులోనో, దసరాకో ఒకసారి రమ్మను. అప్పుడు మాట్లాడుకుందాం.

వాగు పారే పల్లంలో, కుంటల పక్కన పెద్ద చెట్లు ఉండాల్సిందే. చుక్కల జింకకు అవే దిక్కు. ఆరుబయలును మాత్రం ఆరుబయలుగానే ఉంచాలి.


పాతకాపు_హయత్‌నగర్
సోమవారం ఉదయం 8:15

మాస్టారు సార్ చెప్పింది నిజం. నేను ఈ ఊర్లోనే పుట్టిన. మా చిన్నతనంలో విజయవాడ రోడ్డు ఇంత వెడల్పు లేదు, చీకటి పడితే ఇటు రానీకి ఆటోవాళ్లు ఒప్పుకునేటోళ్లు కాదు. జింకలు రోడ్డు దాటి మా జొన్న చేన్ల పడేటివి. మా నాయన రాత్రిపూట డబ్బా కొట్టుకుంట కావలి ఉండేటోడు. తిట్టేటోడు కానీ కొట్టేటోడు కాదు.

అంతకుముందు ఇది నిజాం శికారు చేసే జాగా. మహావీరుడి నిర్వాణానికి 2,500 ఏండ్లు అయినయని 1975ల దీనికి ఆ పేరు పెట్టిండ్రు. వేటాడిన జాగకు అహింస చెప్పినాయన పేరు! ఎవరికి తట్టిందో కానీ మంచిగ తట్టింది. 1994ల నేషనల్ పార్క్ అయింది. అప్పటికెళ్లి మేకలు, బర్రెలు లోపలికి పోనీకి లేదు. మా వాళ్లు అప్పుడు మస్తు గులిగిండ్రు, నేను కూడ గులిగిన. ఇప్పుడు చూస్తే గోడ బయట ఒక్క గజం ఖాళీ లేదు. ఆ గోడ లేకుంటే లోపల కూడ ప్లాట్లే ఉండు.

ముళ్ల చెట్లు అన్నవు కద తమ్మీ, దాంట్ల సగం నీకు కనిపించింది సర్కారు తుమ్మ అయ్యుంటది. అది మన చెట్టు కాదు. దేశం కాని దేశం కెళ్లి వచ్చింది. కాయలు తియ్యగ ఉంటయి, పశువు తింటది, పేడల గింజ పడుతది, పడ్డ కాడల్లా చెట్టు. నరికితే మొదట్ల కెళ్లి పది కొమ్మలు లేస్తయి. మీ సంఘానికి అంత ఓపిక ఉంటే నాటుడు కాదు, దాన్ని పీకుడు గురించి అడుగుండ్రి.


లెన్సుల_లక్ష్మి
సోమవారం ఉదయం 9:05

పాతకాపు అన్నా, కృష్ణజింకలు కూడా ఆ కాయలు తిని గింజలు అంతటా చల్లుతాయి. తమ మైదానాన్ని తామే మూసేసుకుంటున్నాయి పాపం, తెలియక. ఎక్కడికక్కడ తొలగిస్తూ ఉంటే తప్ప గడ్డి మిగలదు. కానీ మనమే గొడ్డలి పట్టుకుని పోకూడదు. నేషనల్ పార్కులోంచి ఏది తీయాలన్నా, ఏది తేవాలన్నా చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ అనుమతి కావాలి. 1972 వన్యప్రాణి చట్టం. కృష్ణజింక అందులో అన్నిటికంటే గట్టి రక్షణ ఇచ్చే మొదటి షెడ్యూల్‌లో ఉంది.


డోంట్‌కేర్_దిల్‌సుఖ్
సోమవారం మధ్యాహ్నం 1:30

అన్నీ సరే. కోటి మంది దాటిన ఊరు ఇది. ఎల్బీనగర్ నుంచి హయత్‌నగర్ దాకా పొగ తప్ప గాలి లేదు. 3,600 ఎకరాలు జింకలకు, మనుషులకేమో ట్రాఫిక్ ఐలాండ్‌లో రెండు కుండీలు. ఒక మూల 100 ఎకరాలు మనుషులకు వదిలితే జింకలు చచ్చిపోతాయా? సీరియస్‌గానే అడుగుతున్నా ఈసారి.

ఇంకో డౌట్. రాష్ట్రం విడిపోయినప్పుడు కృష్ణజింక రాష్ట్ర జంతువుగా ఆంధ్రాకే ఉండిపోయింది కదా, మనకు చుక్కల జింక వచ్చింది. మరి ఇక్కడున్న కృష్ణజింకలు లోకలా, నాన్‌లోకలా?


పాతకాపు_హయత్‌నగర్
సోమవారం మధ్యాహ్నం 1:52

అవి ఎవరూ రాకముందు కెళ్లి ఉన్నయి. మనమే నాన్‌లోకల్.


అనూష_ఇద్దరుపిల్లలు
సోమవారం మధ్యాహ్నం 2:10

నవ్వొచ్చింది కానీ డోంట్‌కేర్ గారి మొదటి ప్రశ్న నాది కూడా. సాయంత్రం పిల్లలతో నడవడానికి చెట్ల నీడ కావాలనుకోవడం తప్పా? జింకలంటే ప్రేమ లేక కాదు. మా వైపు ఆడవాళ్లు మెయిన్ రోడ్డు పక్కన లారీల మధ్య వాకింగ్ చేస్తున్నారు. అది ఎవరికీ పట్టదు.


వృక్షం_మాస్టారు
సోమవారం సాయంత్రం 6:20

తప్పు కానే కాదమ్మా. నీ ప్రశ్న న్యాయమైనదే, చిరునామా మారింది అంతే. ఈ గొడవకంతా "పార్కు" అనే మాట కారణం. నేషనల్ పార్కు అంటే మన కాలనీ పార్కుకు పెద్దన్న అనుకుంటాం. చట్టం ప్రకారం అది జంతువుల కోసం ఉన్న చోటు, మనం టికెట్ కొనుక్కుని కాసేపు చూసి రావాలి. తెలంగాణలో ఉన్న మూడు నేషనల్ పార్కులూ హైదరాబాద్ చుట్టుపక్కలే ఉండటం ఒక విచిత్రం. ఇది, చిలుకూరు దగ్గర మృగవని, కేబీఆర్. మిగతా రెండూ కలిపినా దీంట్లో సగం కూడా రావు. కేబీఆర్ అయితే 1.43 చదరపు కిలోమీటర్లే. అందులో జనం నడుస్తున్నారు కాబట్టి ఇక్కడా అలాగే ఉండాలని మనకు అనిపిస్తుంది. కానీ కృష్ణజింకల మందలు తిరిగే మైదానం అక్కడ లేదు కదా.

మనుషుల కోసం అటవీ భూముల్లోనే వేరేగా పార్కులు చేశారు. మీకు దగ్గర్లో గుర్రంగూడలో సంజీవని వనం ఉంది, అటు మేడ్చల్ వైపు కండ్లకోయలో ఆక్సిజన్ పార్కు ఉంది. అడగదలచుకుంటే అలాంటివి ఇంకా కావాలని అడగాలి, హయత్‌నగర్ వైపు నడక బాటలు కావాలని అడగాలి. దానికి నేను కూడా సంతకం పెడతాను, ముందు వరసలో.


కోడ్‌రాతగాడు
సోమవారం రాత్రి 11:45

ఈ టాపిక్ చదువుతుంటే గచ్చిబౌలి గుర్తొచ్చింది. నేను అక్కడే పని చేస్తాను. 2025 మార్చి ఆఖరులో సెంట్రల్ యూనివర్సిటీ పక్కన ఆ 400 ఎకరాల్లో జేసీబీలు దిగినప్పుడు, రాత్రిపూట నెమళ్ల అరుపుల వీడియోలు ఫోన్లన్నీ చుట్టేశాయి. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు పనులు ఆపమంది. అప్పుడు మా ఆఫీసులో జరిగిన వాదన కూడా ఇదే. "అక్కడ అడవి ఎక్కడుంది, పొదలూ రాళ్లే కదా" అని సగం మంది.

అసలు ఆ ఊరి పేరే కంచ గచ్చిబౌలి. కంచ అంటే ముళ్లకంచె కాదని మా మేనమామ చెప్పేదాకా నాకు తెలియదు. తెలంగాణలో కంచ అంటే పశువులు మేసే గడ్డినేల. ఊరి పేరులోనే ఉన్నదాన్ని మనం ఖాళీ స్థలం అనుకున్నాం. కాగితాల మీద పనికిరాని భూమి అని రాస్తే అమ్మకానికి సిద్ధమైనట్టే. చెట్టు నరికితే పది మంది అరుస్తారు, గడ్డి పోతే ఎవరికీ


డోంట్‌కేర్_దిల్‌సుఖ్
సోమవారం రాత్రి 11:51

ఎవరికీ ఏంటి? కరెంట్ పోయిందా?


కోడ్‌రాతగాడు
మంగళవారం ఉదయం 12:04

ఫోన్ చార్జింగ్ అయిపోయింది. ఎవరికీ పట్టదు అని. ఏ పార్టీ ఉన్నా ఇదే తంతు, అప్పుడు వాళ్లు ఏం చేశారు, ఇప్పుడు వీళ్లు ఏం చేస్తున్నారు అని లెక్క తీస్తే


నిర్వాహకుడు
మంగళవారం ఉదయం 7:00

పార్టీల లెక్కలు ఇక్కడ వద్దు. ఈ దారిలో మొదలైన మరో 14 పోస్టులు తీసేశాను. జింకల దగ్గరికి రండి.


శివ_వనస్థలి
మంగళవారం ఉదయం 10:30

రాత్రి ఇవన్నీ మా ఆవిడకు చదివి వినిపించాను. "నువ్వు చూసొచ్చింది వాళ్ల ఇల్లు, నచ్చలేదని మన ఇంటి సోఫాలు వేస్తానంటున్నావు" అంది. ఇక ఏం మాట్లాడతాను.

ఒక సందేహం మాత్రం మిగిలింది. ఇలా నాలుగువైపులా ఊరు కమ్ముకుపోయాక లోపలివి లోపలే ఉండిపోతాయి కదా. వాటి భవిష్యత్తు ఏంటి?


లెన్సుల_లక్ష్మి
మంగళవారం మధ్యాహ్నం 12:15

అదే అసలు టెన్షన్. ఒకప్పుడు ఇది ఊరి అంచు. ఇప్పుడు అవుటర్ రింగ్ రోడ్డు దీన్ని దాటి పెద్ద అంబర్‌పేట దగ్గర ఉంది, అంటే జింకలు ఊరు కదలకుండానే సిటీవాళ్లు అయిపోయాయి. ఒక పక్క హైవే, ఆటోనగర్. మిగతా పక్కలా కాలనీలు. బయటి మందలతో కలవడానికి దారి లేదు. తరతరాలుగా అదే మందలో పుట్టినవి అదే మందలో జతకడితే సంతానం బలహీనపడుతుంది. అది మన చేతుల్లో లేదు, శాస్త్రవేత్తలు చూసుకోవాల్సిన పని.

మన చేతుల్లో ఉన్నది గోడ. శివ గారూ, ఏమీ అనుకోకపోతే ఒకటి అడుగుతాను. మీ కాలనీ పార్కు గోడకు ఆనుకుని ఉందా?


శివ_వనస్థలి
మంగళవారం మధ్యాహ్నం 12:40

మా చివరి వీధి ఆనుకునే ఉంది. ఎందుకు?


లెన్సుల_లక్ష్మి
మంగళవారం మధ్యాహ్నం 12:58

ఏ కాలనీ అని అడగను. సాయంత్రం ఒకసారి ఆ వీధి చివర నిలబడి గోడ అవతలికి చూడండి.


శివ_వనస్థలి
మంగళవారం రాత్రి 8:50

చూశాను. సిగ్గుగా ఉంది. గోడ అవతల కవర్లు, పెళ్లి భోజనాల ప్లేట్లు, ఎవరిదో పాత పరుపు. మేం నిలబడి ఉండగానే ఒక పెద్దాయన మిగిలిన అన్నం కవర్‌తో సహా విసిరాడు. అడిగితే "మూగజీవాలకు పుణ్యం కదండీ" అన్నాడు. ఆయన సంఘం ఉపాధ్యక్షుడు.


వృక్షం_మాస్టారు
మంగళవారం రాత్రి 9:30

నెమరువేసే జంతువు కడుపు వేరు, శివా. గడ్డి అరిగించే సూక్ష్మజీవులు లోపల ఉంటాయి. ఒక్కసారిగా అన్నమో, బ్రెడ్డో పడితే కడుపులో పులిసి ఆమ్లం పెరుగుతుంది, ప్రాణం మీదకు వస్తుంది. అన్నంతో పాటు కవర్ కూడా మింగితే ఇక చెప్పక్కర్లేదు. ఆ పుణ్యం లెక్క ఉపాధ్యక్షుల వారికి ఎవరైనా చెప్పాలి.


పాతకాపు_హయత్‌నగర్
మంగళవారం రాత్రి 9:44

అన్నం వాసనకు కుక్కలు వస్తయి. గోడ కూలిన సందు దొరికితే లోపలికి పోతయి. కుక్కల గుంపుకు జింక పిల్ల ఎంతసేపు? పులి లేని అడవిల ఊరకుక్కే పులి.

ఇంకోటి. సిగరెట్. ఎండాకాలం ఆ గడ్డి పెట్రోల్ లెక్క. గోడ పక్క నిలబడి తాగి అటు విసురుడు బంద్ చేయమను.


అనూష_ఇద్దరుపిల్లలు
బుధవారం ఉదయం 7:25

మా వీధి కూడా గోడ వైపే. నేను కూడా చపాతీలు వేశాను రెండు మూడుసార్లు, పిల్లలకు చూపిద్దామని. ఇక వేయను. లక్ష్మి గారూ, పైన ఒకచోట సంతకం వేసుకోమన్నాను కదా, అది తీసేయమని శివ గారికి చెప్తున్నాను. నడక బాట అర్జీ ఉంటే మాత్రం వదలను.


శివ_వనస్థలి
జూలై, శనివారం రాత్రి 9:05

ఏం జరిగిందో చెప్పాలి కదా. సంఘం మీటింగ్‌లో పెద్ద గొడవే అయింది. "చెట్లు నాటొద్దంటావా, నువ్వు పర్యావరణానికి శత్రువువా" అని ఒకాయన లేచాడు. ఇక్కడ మీరు రాసినవి ఫోన్‌లో చదివి వినిపించాను. ఇర్రి, లేడి అనగానే వెనక కూర్చున్న ఒక పెద్దావిడ "మా పాలమూరు పక్క అట్లనే అంటరు" అంది. ఆ తర్వాత గొడవ కాస్త తగ్గింది. ఎందుకో నాకు తెలియదు.

చివరకు కుదిరింది ఇది. మొక్కలు మా వీధుల్లోనే నాటాం, కానుగ, వేప. నర్సరీవాడు కోనోకార్పస్ అనే విదేశీ మొక్కలు చవకగా ఇస్తానన్నాడు, మాస్టారి పేరు చెప్పి వద్దన్నాను. గోడ పక్కన కెమెరా ఒకటి పెట్టాం. ఉపాధ్యక్షుడు ఇప్పటికీ నాతో మాట్లాడటం లేదు. ఇక బ్యానర్ మాత్రం ముందే ప్రింటయిపోయింది కాబట్టి వృథా పోకుండా కట్టారు. దాని మీద "పచ్చని హరిణ వనస్థలి మన లక్ష్యం" అనే ఉంది. ఎవరూ నవ్వకండి.


డోంట్‌కేర్_దిల్‌సుఖ్
శనివారం రాత్రి 9:06

నవ్వాను.


వృక్షం_మాస్టారు
ఆదివారం ఉదయం 5:40

కోనోకార్పస్ వద్దన్నావు, ఆ ఒక్కదానికే నీకు పది మార్కులు ఎక్కువ. ఆ మొక్కను రోడ్ల పక్కన విచ్చలవిడిగా పెట్టి, తర్వాత వద్దనుకున్నారు.


లెన్సుల_లక్ష్మి
సెప్టెంబర్, గురువారం ఉదయం 8:30

టాపిక్ పైకి తెస్తున్నాను, కోపం వద్దు. బతుకమ్మ దగ్గరికి వస్తోంది. తంగేడు, గునుగు కోసం గోడ దూకే పిల్లలు ఏటా కనిపిస్తారు. లోపల పువ్వు కూడా తెంపకూడదు. ఇంకోటి, దసరా నాడు పాలపిట్టను చూస్తే మంచిదని పంజరంలో పెట్టి తిప్పుతూ డబ్బులు అడుగుతారు. ఇవ్వకండి. మనం ఇచ్చే 20 రూపాయల కోసమే దాన్ని పట్టుకొస్తున్నారు. గోడ పక్క కరెంటు తీగ మీద ఊరికే దొరుకుతుంది దర్శనం, కాసేపు తలెత్తి చూస్తే.


పాతకాపు_హయత్‌నగర్
గురువారం ఉదయం 9:10

మా అమ్మ, పెద్దమ్మ పొద్దుగాల పోయి తట్టలకు తట్టలు గునుగు తెచ్చేటోళ్లు. ఎవరి చేను అని అడిగేటోళ్లు లేరు, బీడు అంటే అందరిది. ఇప్పుడు మా కోడలు మార్కెట్ల కట్టకు ఇంత అని బేరం చేస్తది. బతుకమ్మ పూలన్నీ దాదాపు ఎవరూ సాగు చేయని జాగల పూలే కద. బీడు పోయినంక పూలకు ధర వచ్చింది.


శివ_వనస్థలి
అక్టోబర్, సోమవారం రాత్రి 9:30

అమ్మ పండక్కి వచ్చింది. మాస్టారు చెప్పినట్టే మళ్లీ తీసుకెళ్లాను, ఈసారి ఎండెక్కక ముందే. మొదట రానంది. "ఆ బీడు చూడ్డానికి మళ్లీనా" అని.

గడ్డి మోకాలు దాటి ఉంది. కంకులు వేసి ఉంది, లేత ఎండ పడి మొత్తం రాగి రంగులో ఊగుతోంది. వ్యాన్ ఆపి ఇంజిన్ కట్టేశారు. ముందు ఏమీ కనిపించలేదు. తర్వాత గడ్డిలోంచి ఒక్కొక్క తల లేచింది. నా చిన్నది లెక్కపెట్టింది, 23. అన్నీ గోధుమరంగువే. వాటికి కాస్త దూరంగా ఒక్కటే మగది, నల్లగా, మెడ వెనక్కి వంచి కొమ్ములు వీపుకు ఆనించి నడుస్తోంది. పెళ్లికొడుకులా ఉందని పిల్లలు. ఏం చూసి బెదిరాయో కానీ ఒకటి గాల్లోకి ఎగిరింది, దాని వెనక ఇంకోటి, అలా మంద మొత్తం ఎగురుకుంటూ పోయింది. ఆ పరుగుకు ఒక్క చెట్టు కూడా అడ్డం రాలేదు. లక్ష్మి గారూ, మీరు రాసింది అప్పుడు అర్థమైంది.

అమ్మ చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత "వరద తీశాక గోదారి మధ్య లంకల్లో గడ్డి ఇలాగే ఉండేదిరా. మా నాన్న గేదెల్ని పడవ మీద తోలుకెళ్లేవాడు. ఇప్పుడు ఆ లంకల్లో అన్నీ కొబ్బరితోటలు, రొయ్యల చెరువులే" అంది. అలాంటి చోటు మా తాతయ్య ఊళ్లో ఉండేదని నాకు ఇన్నేళ్లకు తెలిసింది. వచ్చేదాకా ఆ లంక గురించే చెప్పింది.


వృక్షం_మాస్టారు
సోమవారం రాత్రి 9:58

అమ్మగారికి నా నమస్కారాలు చెప్పు. ఆ లంక పేరు అడిగి రాయి.


అనూష_ఇద్దరుపిల్లలు
సోమవారం రాత్రి 10:15

ఈ ఆదివారం మేమూ వెళ్తాం. గేటు ఎన్నింటికి తీస్తారో కనుక్కుని ఎవరైనా చెప్పరూ? నడక బాట అర్జీకి 212 సంతకాలు అయ్యాయి, మాస్టారూ, మీది ఇంకా రాలేదు.


డోంట్‌కేర్_దిల్‌సుఖ్
సోమవారం రాత్రి 10:21

నాది కూడా రాసుకోండి. వ్యాన్‌లో ఒక సీటు ఖాళీ ఉంటే చెప్పండి అనూష గారూ, పొద్దున్నే లేవడం ఒక్కటే నా ప్రాబ్లం.